మూడు బారల లోతు

తాడును రెండు చేతుల్లో పట్టుకుని పక్కలకు పూర్తిగా చాచినప్పుడు ఒక పిడికిలి నుంచి రెండో పిడికిలి దాకా ఉండే పొడవును బార అంటారు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్ళు నీళ్ళ లోతునూ తాళ్ళ పొడవునూ ఇప్పటికీ బారల్లోనే చెబుతారు. నేను మేడ్చల్ దగ్గర ఒక కొలతల ల్యాబ్‌లో పనిచేస్తాను. ఫ్యాక్టరీల నుంచి వచ్చే ప్రెషర్ గేజీలు, తూకం యంత్రాలు, థర్మామీటర్లు చూపించే అంకె సరైనదో కాదో పరీక్షించి, తేడా ఎంత ఉందో కాగితం మీద రాసి ఇవ్వడం నా పని. మా మామ, అంటే నా భార్య తండ్రి, నలభై ఏళ్ళకు పైగా ఆ చెరువు మీద వల విసిరిన మనిషి. పెళ్ళయిన కొత్తలో, వృత్తి వల్ల వచ్చిన కుతూహలం కొద్దీ, ఆయన బారను స్టీలు టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నూట యాభై నాలుగు సెంటీమీటర్లు. ఐదుసార్లు కొలిస్తే ఐదుసార్లూ ఒక సెంటీమీటరుకు మించి తేడా రాలేదు. ఒక మనిషి శరీరం అంత నిలకడైన కొలమానం కాగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

రెండేళ్ళ కింద ఆయన తూము మెట్ల మీద జారి కుడి భుజం మీద పడ్డారు. ఎముక విరగలేదు కాని కీలు బిగిసిపోయింది. చెయ్యి భుజం ఎత్తుకు రాదు. ఆ ఎత్తుకు లోపల జరిగే పనులన్నీ చేసుకోగలరు, అన్నం కలుపుకోగలరు, బీడీ వెలిగించుకోగలరు. విసురు వల మాత్రం భుజం మీదనుంచి తిరిగి, గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద పడాలి. అది ఇక సాధ్యం కాలేదు.

అక్కడి మత్స్యకారుల సంఘంలో సభ్యుల పేర్లు రెండు జాబితాలుగా ఉంటాయి. చెరువు మీదికి వెళ్ళేవాళ్ళవి నీళ్ళ పేర్లు, ముసలితనం వల్లనో జబ్బు వల్లనో మానేసినవాళ్ళవి గట్టు పేర్లు. వాటా రెండు జాబితాలవాళ్ళకూ ఉంటుంది, అందులో తేడా లేదు. కాని ఏటా వేట మొదలైన మొదటి వారంలో, నీళ్ళ పేరు ఉన్న ప్రతి సభ్యుడూ తన చేత్తో పట్టిన ఒక చేపను కట్ట మీదికి తేవాలి. ఇద్దరు కలిసి కట్టే వలలో పడ్డది లెక్కలోకి రాదు. గట్టు మీద కూర్చుని వేసిన గాలానికి చిక్కినదీ రాదు. విసురు వల అయినా గాలం అయినా మనిషి నీళ్ళ మీద ఉండాలి, చేపను లాగే చెయ్యి అతనిదే కావాలి. ఆదివారం పొద్దున పది గంటలకు కట్ట మీద పేర్లు చదువుతారు. తేలేకపోయినవాళ్ళ పేరు గట్టు వైపుకు మారుతుంది. ఒకసారి అటు మారిన పేరు తిరిగి నీళ్ళ వైపుకు రావడం ఎవరూ చూడలేదు. కిందటేడు భుజం ఇంకా నయమవుతుందేమోనని మామకు మినహాయింపు ఇచ్చారు. ఈ ఏడు ఇవ్వరని ముందే తెలుసు.

సంఘం అధ్యక్షుడు వరసకు మామకు తమ్ముడి కొడుకు. అత్వెల్లి వైపు ప్లాట్లు అమ్మిస్తుంటాడు, ఫోను చెవి దగ్గర లేని సమయం తక్కువ. వేటకు నెల రోజుల ముందు ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఇగ ఇంటికాడ కూసో పెద్దబాపూ. నీ వాటా మంచిగ నీ ఇంటికే పంపుతం. ఎవ్వలు కాదంటరు?"

"వాటా ఎవడడిగిండ్రా? నా పేరు నీళ్ళ మీద ఉండాలె."

"పేరుదేముందే. గట్టు మీద ఉంటే మస్తు నీడ ఉంటది."

"నీడ కావాలంటే నేను నీ లెక్క ప్లాట్లు అమ్మకపోదునా?"

అతను నవ్వి వెళ్ళిపోయాడు. మామ నవ్వలేదు. ఆ రాత్రి నా భార్య తల్లి నుంచి ఫోన్‌లో ఈ సంభాషణ విని నాకు చెప్పింది, తండ్రి అన్నం సగంలో లేచారని కూడా చెప్పింది. అప్పుడు నాకు స్వీడన్ గుర్తుకొచ్చింది.

కొన్నేళ్ళ కింద ఒక యంత్రాన్ని పరీక్షించి తీసుకోవడానికి అక్కడికి వెళ్ళి మూడు వారాలు ఉన్నాను. ఆ ఫ్యాక్టరీ ఇంజనీరు ఒక ఆదివారం తన పడవలో నన్ను పెద్ద సరస్సు మీదికి తీసుకెళ్ళాడు. అవతలి ఒడ్డు కనిపించని మంచినీటి సరస్సు. అందులో సాల్మన్, ట్రౌట్ చేపలను పట్టే పద్ధతిలో వల లేదు, విసరడం లేదు. పడవ నెమ్మదిగా ఒకే వేగంతో పోతుంటుంది. వెనక నుంచి ఒక సీసపు గుండును తీగతో కావలసిన లోతుకు దించుతారు. గాలం ఉన్న సన్నని తాడును ఆ తీగకు ఒక క్లిప్పుతో తగిలిస్తారు. చివర చెంచా ఆకారంలో ఉన్న ఇత్తడి రేకు, దానికి మూడు కొక్కేల గాలం. పడవ కదిలినంతసేపూ ఆ రేకు గాయపడిన చిన్న చేపలాగా అటూ ఇటూ ఊగుతూ వెంట వస్తుంది. పెద్ద చేప పట్టగానే తాడు క్లిప్పు నుంచి ఊడి చేతికి వస్తుంది. ఎండాకాలంలో చేపలు చల్లని నీటి పొరలో ఉంటాయని, ఆ పొర ఎన్ని మీటర్ల కింద ఉందో తెలుసుకుంటే పని సగం అయినట్టేనని ఆయన వివరించాడు. మధ్యాహ్నానికి ఒక ట్రౌట్, ఒక సాల్మన్ పడ్డాయి. రెండూ ఆయనే లాగాడు. నేను వేగం చూసి చెప్పాను. వచ్చేటప్పుడు రెండు ఇత్తడి రేకులు నా చేతిలో పెట్టాడు. అవి బీరువాలో అలాగే ఉండిపోయాయి.

ఈ పద్ధతిలో చెయ్యి భుజం కన్న పైకి లేవవలసిన సందర్భం ఒక్కటీ లేదు. మన చెరువులో సాల్మన్ లేదు, ట్రౌట్ లేదు. వాలుగ ఉంది. అదీ కదిలే చిన్న చేపలను వేటాడే జాతే. మరుసటి ఆదివారం రేకులు తీసుకుని శామీర్‌పేట వెళ్ళాను. మామ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. అత్తమ్మ పక్కనే కూర్చుని మేడ్చల్ మార్కెట్టుకు పట్టుకుపోయే గంపకు అడుగున గోనె కుడుతున్నారు.

"చెంచ జూసి చేప వస్తదా అల్లుడా? మా ఇంట్ల ఇన్ని చెంచలున్నయ్. ఒక్కనాడు ఒక్క చేప రాకపాయె" అన్నారామె.

"నీ చెంచలకు గాలం లేదు గద" అన్నారు మామ. తర్వాత నా వైపు తిరిగి, "వాగు పాత దారి నీళ్ళ కింద ఇప్పటికి ఉంది. వాలుగ ఆ దారిల మూడు బారల మీద ఉంటది. నాలుగో బారకు పోతే తుమ్మ మొద్దులు. తగిలితె నీ చెంచ ఆడనే" అన్నారు.

సామాను సిద్ధం చేశాం. సీసపు గుండుకు బదులు మేస్త్రీలు గోడ నిలువు చూసే ఇనుప గుండు. క్లిప్పు కోసం అత్తమ్మ దండెం మీది బట్టల క్లిప్పులు. గుండుకు కట్టే నైలాన్ తాడును నేనే కొన్నాను. దానికి లోతు గుర్తులుగా బార బారకూ ఎర్ర దారంతో ముడి వెయ్యాలి. ఆ పని నేను చేస్తానంటే మామ ఒప్పుకోలేదు. ఒకరి తాడుకు ఇంకొకరి బార పెట్టరు. అది వాళ్ళలో గట్టి నియమం. తమ చేతులతో కొలిచిన తాడు మీదే నీళ్ళలోకి గుండు దించుతారు. దానికి నేను అభ్యంతరం చెప్పలేదు, పైగా నాకు నచ్చింది. కొలిచేవాడూ వాడేవాడూ ఒకరే అయితే పొరపాటుకు తావు తక్కువ. ఆయన వాకిట్లో నిలబడి తాడు చాచి ముడులు వేశారు. నేను నోట్‌బుక్ తెరిచి, మూడు బారలంటే నాలుగు వందల అరవై రెండు సెంటీమీటర్లని రాసుకున్నాను.

వేట వారంలో నాకు సెలవు దొరికింది చివరి రెండు రోజులకే. మొదటి ఐదు రోజులూ ఆయన నేను వచ్చేదాకా ఆగకుండా ఎడమచేత్తో వల విసిరి చూశారు. వల విచ్చుకోకుండా ముద్దలా పడేది. పక్క తెప్ప మీదివాళ్ళలో ఒకరు, "ఏందే పెద్దబాపూ, వల ఇసురుతున్నవా, బట్టలు ఆరేస్తున్నవా?" అని అడిగారట. ఇది నాకు చెప్పింది అత్తమ్మ. మామ చెప్పలేదు.

శనివారం తెల్లవారుతుండగా తెప్ప ఎక్కాం. థర్మాకోల్ దిమ్మెలను ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పైన రెండు చెక్కలు బిగించిన తెప్ప అది. నేను ముందు కూర్చుని తెడ్డు వేశాను. ఆయన వెనక, నాకు వీపు చేసి కూర్చుని తాడు పట్టుకున్నారు. దారి చూపడానికి ఆయనకు తల తిప్పే అవసరం కూడా రాలేదు. "సెల్ టవర్‌ను నీళ్ళ ట్యాంకు మీదికి తెచ్చుకో. రెండు ఒకటి మీద ఒకటి ఉంటె నువ్వు వాగు మీద ఉన్నట్టు" అన్నారు. టవరు, ట్యాంకు ఒకే గీత మీద ఉండేట్టు నడిపాను. ఫోన్‌లో వేగం చూసుకుంటూ గంటకు రెండున్నర కిలోమీటర్ల దగ్గర నిలిపాను. రేకు సరిగా ఊగుతోందని తెప్ప పక్కన చూసి నిర్ధారించుకున్నాం. క్లిప్పు బిగువు పరీక్షించాం. ఆయన మూడో ముడి నీళ్ళను తాకేదాకా గుండు దించి, తాడును చెక్కకు కట్టేశారు.

వాగు దారి మీద ఐదుసార్లు పోయి వచ్చాం. క్లిప్పు ఒక్కసారి కూడా ఊడలేదు. ఎండ ఎక్కాక మిగతా తెప్పలు కట్టకు చేరుతుంటే మేమూ తిరిగాం. నేను వేగాన్ని అనుమానించాను, రేకు రంగును అనుమానించాను, నీళ్ళ మురికిని అనుమానించాను. మామ ఏమీ అనుమానించలేదు. "లేదు" అని మాత్రం అన్నారు.

ఇంటికి వచ్చి గుండు తాడును దండెం మీద ఆరవేశాను. దాని పక్కన నా తువ్వాలు ఉంది. తువ్వాలు పొడవు నాకు తెలుసు, ఒకటిన్నర మీటరు. రెండు ముడుల మధ్య దూరం తువ్వాలు కన్న తక్కువగా కనిపించింది. టేపు ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. తీసి కొలిచాను. నూట ఇరవై ఎనిమిది. తర్వాతది నూట ఇరవై ఏడు. మూడోది నూట ఇరవై తొమ్మిది.

కొలత నిలకడగా ఉంది, తప్పుగా ఉంది. మా వృత్తిలో ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన స్థితి, ఎందుకంటే నిలకడ చూసి మనిషి నమ్మేస్తాడు. పక్కకు పూర్తిగా లేవని చెయ్యి పూర్తి బార ఇవ్వదు. వాలుగ మూడు బారల మీద ఉంటుందన్నది ఆయన పాత చేతులతో తెలుసుకున్న లోతు. ముడులు వేసింది ఇప్పటి చేతులు. మూడు ముడుల దగ్గర తేడా డెబ్భై ఎనిమిది సెంటీమీటర్లు. పొద్దున్నంతా మేము చేపల నెత్తి మీదనుంచి రేకును లాక్కుపోయాం. ఆ భుజం కోసమే ఈ ఏర్పాటంతా చేసిన నేను, భుజానికీ బారకూ ఉన్న సంబంధం ఆలోచించలేదు. ఇతరుల పరికరాలకు ఏటా పరీక్ష చెయ్యమని చెప్పే మనిషిని, పద్నాలుగేళ్ళ కిందటి అంకెను అలాగే వాడాను.

చెప్పాలా వద్దా అని కొంతసేపు ఆలోచించాను. చెప్పకుండా మరుసటి రోజు ఇంకొంచెం తాడు వదలమంటే సరిపోయేది. కాని ఎంత వదలాలో ముడులు చూసి నిర్ణయించేది ఆయన, ఎందుకని అడుగుతారు. ఇంట్లోకి వెళ్ళాను. ఆయన జొన్నరొట్టె తింటున్నారు.

"మామా, ముడికి ముడికి నూట ఇరవై ఎనిమిదే ఉంది. నీ బార నూట యాభై నాలుగు ఉండె."

ఆయన రొట్టె తుంచడం ఆపలేదు. "టేపు సాగిందేమో."

"స్టీలుది. సాగది."

"అయితె తాడు గుంజుకపోయింది తడిసి."

"నైలాన్ తడిస్తే ఇంత గుంజుకపోదు మామా."

ఆయన అత్తమ్మ వైపు చూశారు. ఆమె పొయ్యి దగ్గరనుంచే, "నన్నేంది జూస్తవ్? రెండేండ్లాయె, అంగీకి ఎడమచెయ్యి ముందల పెట్టి కుడిచెయ్యి ఈడ్సుకుంటున్నవ్. దండెం మీద చీర పట్టుకొమ్మంటె సగం నేల మీదనే ఉంటది. నాకు ఎరికే" అన్నారు.

"ఎరికైతె చెప్పద్దా?"

"చెప్తె ఇంటవా?"

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడ్డారు. చేతులు చాచారు. ఎడమచెయ్యి గోడ మీద అడ్డంగా, తిన్నగా నిలిచింది. కుడిచెయ్యి నడుముకూ భుజానికీ మధ్య ఎక్కడో ఆగింది. ఆయన తల తిప్పి ఆ చేతిని చూసుకున్నారు. పైకి నెట్టబోయారు, నొప్పికి పెదవి బిగించారు. తర్వాత రెండు చేతులూ దించేశారు.

"ఎంత తక్కువ?"

"ఇరవై ఆరు."

"నీ లెక్కల గాదు, నా లెక్కల చెప్పు."

"జానెడు మీద రెండు వేళ్ళు."

మూడున్నర ముడులు దాటాక ఇంకొంచెం దించితే సరిపోతుందని నేను లెక్క చెప్పబోయాను. "అర ముడి అనేది ఉండదు. గుడ్డి చీకట్ల గూడ వేళ్ళకు ముడి దొరకాలె" అని కొట్టిపారేశారు. దండెం దగ్గరికి వెళ్ళి, ఎర్ర దారాలను ఒక్కొక్కటిగా పళ్ళతో కొరికి ఊడదీశారు. ఏమీ గుర్తులు లేని తాడును తెచ్చి నా ఒళ్ళో వేశారు.

"కట్టు."

"నా బార పెట్టొద్దు గద మామా."

"నీ బార ఎవడు పెట్టుమన్నడు? నా పాత బార నువ్వు రాసిపెట్టుకున్నవ్ గద. టేపు పెట్టి అదే కట్టు. టేపేమన్న ఇంకోని చెయ్యా?"

నూట యాభై నాలుగు దగ్గర మొదటి ముడి వేశాను. ప్రతి ముడినీ ఆయన వేళ్ళతో తడిమి చూశారు. మూడోది వేశాక తాడును చుట్టి, తలకింద పెట్టుకుని పడుకున్నారు.

ఆదివారం మూడో ముడి నీళ్ళను తాకాక, టవరును ట్యాంకు మీదికి తెచ్చుకుని బయలుదేరాం. రెండోసారి పోతున్నప్పుడు వెనక చిన్న చప్పుడయింది. క్లిప్పు ఊడిన చప్పుడు. నేను వెనక్కి తిరిగేసరికి గాలం తాడు నీళ్ళలోకి అడ్డంగా కోసుకుపోతోంది.

"ముట్టకు. తెడ్డు ఆపు" అన్నారు మామ.

లాగడానికి రెండు చేతులూ మార్చి మార్చి ముందుకు రావాలి. ఆయన ఎడమచేత్తో ఒక మూర లాగి, లాగిన తాడును చెక్క మీద మడమతో తొక్కిపెట్టారు. మళ్ళీ ఎడమచెయ్యి, మళ్ళీ మడమ. కుడిచెయ్యి మోకాలి దగ్గరే ఉండి తాడు పక్కకు జారకుండా చూసింది. చేప తెప్ప కిందికి దూరింది. తాడు దిమ్మెలకు రాసుకుంటోందని, తెడ్డు ఒక్కసారి వెనక్కి వెయ్యమన్నారు. వేశాను. అరగంట పట్టిందనిపించింది, ఫోన్‌లో చూస్తే పదకొండు నిమిషాలు. నీళ్ళ అంచున వాలుగ తల కనిపించింది, వెడల్పు నోరు, పొడుగు మీసాలు. ఆయన మడమ తియ్యకుండా ముందుకు వంగి, ఎడమచెయ్యి మొప్పల్లోకి పోనిచ్చి తెప్ప మీదికి ఈడ్చుకున్నారు. తర్వాత దాని మీద కాలు వేసి కూర్చుని, "నా బీడీలు ఎటు పెట్టిన?" అని అడిగారు.

కట్ట మీద పేర్లు చదవడం మొదలైంది. మామ వాలుగను ఎడమ భుజం మీద వేసుకుని ఎక్కారు. నాలుగు కిలోల పైన తూగింది. అధ్యక్షుడు ఫోను జేబులో పెట్టి రేకును తీసుకుని చూశాడు.

"ఇది గాలమంటరా పెద్దబాపూ? చెంచ లెక్కుంది."

"కొక్కెం జూడు. కొక్కెం ఉంటె గాలం."

"అల్లుడు లాగిండా, నువ్వు లాగినవా?"

"నా మడమ జూడు" అని కాలు ఎత్తారు మామ. తాడు కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు వంగి చూశారు. ఎడమచేతి వల గురించి వెక్కిరించినతను కూడా చూసి, "లాగింది పెద్దబాపే" అన్నాడు. అధ్యక్షుడు నీళ్ళ పేర్లలో ఆయన పేరు పక్కన గీత పెట్టాడు. తర్వాత ఏ రోజు ఎవరు వేటకు పోవాలో రాసిన వంతుల కాగితం తీశాడు.

"సోమవారం నీ వంతు. తెడ్డు ఎవలు వేస్తరు? వల ఇసిరేటోడు ఒక్కడే పోతడు. ఈ చెంచకు ఇద్దరు కావాలె గద."

అందరూ నా వైపు చూశారు. సోమవారం నాకు ఉద్యోగం ఉంది, అదే చెప్పాను. చేప తెచ్చాక ఈ ప్రశ్న వస్తుందని మేమిద్దరం ఆలోచించలేదు.

"నేను వేస్త" అన్నారు అత్తమ్మ. వాలుగను గంపలోకి సర్దుతూ, తల ఎత్తకుండానే అన్నారు.

"ఆడోళ్ళు తెప్ప ఎక్కుడు మనకాడ లేదు పెద్దవ్వా" అన్నాడు అధ్యక్షుడు.

"మరి నువ్వు రా. ప్లాట్లు ఒక్కరోజు ఆగుతయ్."

కట్ట మీద నవ్వులు లేచాయి. అతను నియమాల పుస్తకం తెరిచి, వేలు పెట్టి రెండు పేజీలు చదివాడు. ఆడవాళ్ళు ఎక్కాలని లేదు, ఎక్కకూడదనీ లేదు. పక్కవాళ్ళను అడిగాడు. ఒక పెద్దాయన, "తెడ్డుకు ఆడ మగ ఏంది, రాయరాదు" అన్నాడు. అతను రాశాడు.

"నీకు ఈత రాదు గద" అన్నారు మామ, ఇంటికి నడుస్తూ.

"నువ్వు మునగనిస్తవా?"

సోమవారం ఏడు గంటలకు నేను ల్యాబ్‌లో మొదటి గేజీని బల్ల మీద పెట్టాను. అప్పటికి వాళ్ళు చెరువు మీద ఉన్నారు. సాయంత్రం నా భార్య ఫోన్ చేసి కనుక్కుంది. ఆ రోజు ఏమీ పడలేదట. తెడ్డు వెయ్యడం రాదని మామ పొద్దంతా తిడుతూనే ఉన్నారట, తెప్ప మాత్రం టవరు, ట్యాంకు గీత తప్పలేదట.